ఒంటితో పరిచయం

మంచి జీవితం అంటే ఏమిటని అడిగినప్పుడు మనం సాధారణంగా సత్యం, న్యాయం, ప్రేమ, మరణం వంటి పెద్ద విషయాల దగ్గర మొదలుపెడతాం. నెలసరి రోజుల్లో ఒక అమ్మాయి మొదటిసారి టాంపాన్, అంటే రక్తాన్ని పీల్చుకునేందుకు యోనిలో పెట్టుకునే దూది చుట్ట, వాడటం నేర్చుకోవడం ఆ వరసలో ఎక్కడా రాదు. అది డాక్టర్లు చెప్పాల్సిన సంగతనో, ఆడవాళ్లు చెవిలో చెప్పుకోవాల్సిన సంగతనో పక్కన పెట్టేస్తాం. అయితే కాస్త ఆగి చూస్తే, తత్వచింతన ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నలు ఈ చిన్న పనిలోనే ఎదురవుతాయి. నా శరీరం గురించి నాకు ఎంత తెలుసు? తెలిసినదాన్ని ఎవరు చెప్పారు, తెలియనిదాన్ని ఎవరు దాచారు? నా భయాల్లో నేను పరీక్షించి నిలబెట్టుకున్నవి ఎన్ని, పెద్దల నుంచి అలాగే చేతికి వచ్చినవి ఎన్ని? వీటిని ఒక్కొక్కటిగా తీసుకుని ఆలోచిద్దాం.

ఆలోచనకు ఒక చోటు ఉంటే మంచిది. జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్‌ను తీసుకుందాం. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడి, 1912లో సాక్చిలో తొలి ఉక్కు తయారైన తరవాత, పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ వచ్చిన జనంతో పెరిగిన ఊరు జంషెడ్‌పూర్. శ్రీకాకుళం వైపు నుంచి అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉంటున్నాయి. టాటానగర్ స్టేషనుకు దగ్గరగా ఉన్న బర్మామైన్స్‌లో అటువంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. నాన్నమ్మ మాటలో ఇంకా సిక్కోలు యాస పోలేదు. అమ్మ తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని హిందీలో ముగిస్తుంది. మనవరాలు కాలేజీలో చదువుతోంది, ఈత నేర్చుకోవాలని ఆశపడుతోంది. నెలలో నాలుగైదు రోజులు నీళ్లలో దిగకూడదని ఇంట్లో చెప్తారు. టాంపాన్ వాడితే దిగవచ్చని స్నేహితురాలు చెప్పింది. ఈ ఇల్లు ఊహ. ఈ ఇంట్లో లేచే ప్రశ్నలు మాత్రం నిజమైనవే.

ముందుగా, కొత్తది కాబట్టి మంచిదే అనుకునే తొందరను పరీక్షిద్దాం. నాన్నమ్మ పాత చీర ముక్కలు వాడింది. అమ్మ మందుల షాపులో కాగితంలో చుట్టి, నల్ల కవరులో పెట్టి ఇచ్చే ప్యాడ్లు వాడుతోంది. మనవరాలు టాంపాన్ గురించి ఆలోచిస్తోంది. దీన్ని చీకటి నుంచి వెలుగులోకి సాగిన ప్రయాణంగా చెప్పడం తేలిక. కానీ గుడ్డను తప్పు పట్టేముందు ఒకటి గమనించాలి. శుభ్రంగా ఉతికి, మండే ఎండలో ఆరేసిన నూలు గుడ్డలో చెడు ఏమీ లేదు. ఎవరి కంటా పడకూడదని మంచం కిందా, తలుపు వెనకా, ఇతర బట్టల మాటునా ఆరేసినప్పుడు, తడి పూర్తిగా ఆరక అది రోగకారకం అయింది. అంటే హాని గుడ్డలో లేదు, గుడ్డకు ఎండ తగలనివ్వని సిగ్గులో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–24 ఏళ్ల స్త్రీలలో 64 శాతం మంది ప్యాడ్లు వాడుతుంటే, 50 శాతం మంది గుడ్డ కూడా వాడుతున్నారు. కాబట్టి నాన్నమ్మ కాలం ముగిసిపోలేదు. వస్తువు మారినంత మాత్రాన సిగ్గు మారదని కూడా ఆ నల్ల కవరు మనకు చెబుతోంది.

మరి టాంపాన్ ఎందుకు? ఈత కోసం అంటే, అదొక సరదా కదా, సరదా కోసం ఇంత ఆలోచనా అని అడిగేవారు ఉంటారు. ఈ అభ్యంతరాన్ని న్యాయంగా తూచి చూద్దాం. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె ఫు యువాన్‌హుయి రిలే పోటీ తరవాత, తనకు ముందురోజే నెలసరి వచ్చిందని, అందుకే అలసటగా ఉందని కెమెరా ముందు మామూలుగా చెప్పింది. ఆమె దేశంలో చాలామంది ఆశ్చర్యపోయారు. ఆ రోజుల్లో నీళ్లలో దిగడం సాధ్యమేనా అన్నది వారి ప్రశ్న. ప్రపంచంలో సగం మంది బతుకులో ప్రతి నెలా వచ్చే ఒక సంగతి గురించి, ఆ ప్రశ్న 2016లో కూడా కొత్తగా వినిపించింది. అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన ఒక వ్యాసంలో, ఆడపిల్లలు తమ ఒంటిని పూర్తిగా వాడకుండా, ఎప్పుడూ కొంత వెనక్కి పట్టుకుని కదలడం నేర్చుకుంటారని, ఆ అలవాటు ప్రకృతి నుంచి కాక పెంపకం నుంచి వస్తుందని వాదించారు. ఎవరెస్టు ఎక్కిన బచేంద్రీ పాల్ దశాబ్దాల పాటు సాహస శిక్షణ నడిపిన ఊరు జంషెడ్‌పూర్. 1996 నుంచి విలువిద్య అకాడమీ ఉన్న ఊరు అది. అక్కడి ఆడపిల్ల ఒళ్లు ఎంత చేయగలదో చూపించే ఉదాహరణలు కళ్లెదుటే ఉన్నాయి. కాబట్టి ఈత సరదాయే కావచ్చు, కానీ దాని వెనక ఉన్న కోరిక చిన్నది కాదు. తన ఒంటితో తాను లోకంలో నిండుగా ఉండాలన్న కోరిక అది.

ఇక మొదటి భయానికి వద్దాం. పెళ్లికాని పిల్ల టాంపాన్ వాడితే కన్నెతనం పోతుందన్నది ఆ భయం. దీన్ని ఎగతాళి చేసి వదిలేస్తే లాభం లేదు. అమ్మమ్మలు, అత్తలు దీన్ని చెడ్డ మనసుతో చెప్పలేదు. పిల్ల బతుకు చెడిపోతుందేమోనన్న ఆందోళనతోనే చెప్పారు. అందుకే దీన్ని రెండు ముక్కలుగా విడదీసి పరీక్షించాలి. మొదటిది శరీరానికి సంబంధించినది. కన్నెపొర అనేది దారిని మూసేసిన తలుపు కాదు. యోని ముఖం దగ్గర అంచులా ఉండే పలుచని, సాగే కణజాలం అది. దానిలో సహజంగానే ఖాళీ ఉంటుంది. లేకపోతే నెలసరి రక్తం బయటికి వచ్చే వీలే ఉండదు. ఆ ఖాళీ ఒక్కొక్కరిలో ఒక్కో ఆకారంలో ఉంటుంది. కొందరిలో ఆ పొర పుట్టుకతోనే బాగా తక్కువ. దాన్ని చూసి ఒక స్త్రీ గతాన్ని చెప్పడం వైద్యానికి సాధ్యం కాదు. ఇటువంటి పరీక్షలకు వైద్యపరమైన ఆధారం లేదని, వీటిని ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి 2018లో ప్రకటించింది. మన సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న, ఝార్ఖండ్ నుంచే వచ్చిన ఒక అత్యాచారం కేసులో, బాధితురాలికి చేసే రెండువేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని, అది ఆమెను మళ్లీ గాయపరచడమేనని, ఇకపై అది చేసినవారు దుష్ప్రవర్తనకు దోషులవుతారని తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు, అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ.

రెండో ముక్క మనస్సాక్షికి సంబంధించినది. శరీరశాస్త్రం ఏం చెప్పినా, ఆ పొర కొంత సాగవచ్చు, ఒక్కోసారి కొద్దిగా చిరగనూవచ్చు. అప్పుడు ఏమిటి? ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. ఒక మనిషి నిజాయితీ, దయ, మాట నిలబెట్టుకునే గుణం, ఎదుటివారి బాధను గుర్తించే శక్తి, ఇవి ఆ మనిషి శీలాన్ని నిర్ణయిస్తాయని మనం మగవారి విషయంలో తేలిగ్గా ఒప్పుకుంటాం. ఆడవారి దగ్గరికి వచ్చేసరికి ఇంతటి భారాన్ని ఒక కణజాలం మీద మోపాం. ఒకే విలువకు ఇద్దరి దగ్గర రెండు కొలతలు వాడితే, ఆ కొలతలో లోపముందని ఒప్పుకోవాలి. శీలం అనేది మనిషి చేసే ఎంపికల్లో ఉంటుందని మనం నిజంగా నమ్మితే, ఒక దూది చుట్ట దాన్ని తీసుకుపోలేదు.

రెండో భయం మైల. ఆ రోజుల్లో మూల కూర్చోవడం, దేవుడి గదికి దూరంగా ఉండటం, వంటింట్లోకి పోకపోవడం ఎన్నో తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. దీన్ని విశ్వాసంతో పాటించేవారినీ, తోసిపుచ్చేవారినీ ఒకే గౌరవంతో వినాలి. ఇంద్రుడు తన బ్రహ్మహత్యా పాపాన్ని పంచిపెట్టినప్పుడు ఒక భాగాన్ని స్త్రీలు తీసుకున్నారని, బదులుగా వరం పొందారని, నెలసరి ఆ పాపభాగానికి గుర్తని తైత్తిరీయ సంహితలోనూ భాగవతంలోనూ ఉంది. అదే కథలో భూమి, చెట్లు కూడా భాగం తీసుకున్నాయి. ఆ కారణంగా మనం భూమిని అంటరానిదని అనలేదు, చెట్టు నీడను వదులుకోలేదు. అయితే ఆ కథ నుంచి స్త్రీకి మాత్రమే దూరం ఎలా వచ్చింది? ఇదే నెలసరిని పక్కనున్న ఒడిశాలో మరోలా అర్థం చేసుకున్నారు. జూన్ నడుమ వచ్చే రజ పండుగలో భూమి రజస్వల అయిందని భావించి, దున్నడం ఆపి భూమికి విశ్రాంతి ఇస్తారు. ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. జంషెడ్‌పూర్‌లో ఒడియా కుటుంబాలు తక్కువేమీ కాదు. ఒక ఇంట్లో పాపపు గుర్తయినది ఇరుగింట్లో పండుగైతే, ఆ అర్థం రక్తంలో లేదని, మనుషులు ఇచ్చినదని తేలుతుంది. మనుషులు ఇచ్చినదాన్ని మనుషులు మళ్లీ పరిశీలించవచ్చు. ఆ పరిశీలనకు నాకు తోచిన గీటురాయి ఒకటే. ఈ ఆచారం ఆ అమ్మాయికి విశ్రాంతి ఇస్తోందా, లేక ఆమె తన ఒంటిని అసహ్యించుకునేలా చేస్తోందా? మొదటిదైతే ఇష్టమున్నవారు నిలుపుకోవచ్చు. రెండోదైతే ఎంత పాతదైనా దానికి సమర్థన కష్టం.

మూడో భయం అన్నిటికన్నా లోతైనది, ఎందుకంటే అది తెలియకపోవడం నుంచి వచ్చింది. లోపలికి వెళ్లినది అక్కడే ఎక్కడో పోతే? మూత్రం ఎలా వస్తుంది? బయటికి తీసేందుకు దానికుండే దారం తెగితే? చదువుకున్న అమ్మాయిలు కూడా ఇవే అడుగుతారు. భూగోళం పటం మీద ఖండాలను గుర్తుపట్టగలిగిన పిల్లకు తన ఒంటిలో ఏది ఎక్కడుందో తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. మూత్రం వచ్చే రంధ్రం వేరు, దాని కిందనున్న యోనిద్వారం వేరు, దాని వెనకది మలద్వారం. టాంపాన్ ఉండగానే మూత్రానికి వెళ్లవచ్చు. యోని కొద్ది అంగుళాల పొడవుండే, సాగే కండరపు గొట్టం. దాని పైకొసన గర్భాశయ ముఖద్వారం ఉంటుంది. అందులోని రంధ్రం చాలా సన్నది కాబట్టి టాంపాన్ దాన్ని దాటి వెళ్లలేదు. కడుపులోకి పోవడమన్నది జరిగే పని కాదు. దారం చేతికి అందకపోయినా, గొంతుక్కూర్చుని శుభ్రమైన వేళ్లతో తీసుకోవచ్చు, రాకపోతే డాక్టరు క్షణాల్లో తీస్తారు. ఈ నాలుగు సంగతులు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ఎవరూ ఇవ్వనందువల్ల ఎంతమంది అమ్మాయిలు ఏళ్ల తరబడి భయపడ్డారో ఆలోచిస్తే, తెలియకుండా ఉంచడం కూడా ఒక అన్యాయమేనని ఒప్పుకోవాలి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం, ఎందుకంటే చేసి చూస్తేనే కొన్ని ఆలోచనలు బోధపడతాయి. అమెరికాలోని డెన్వర్‌కు చెందిన ఎర్ల్ హాస్ అనే డాక్టరు 1930ల మొదట్లో, గొట్టంతో లోపలికి జరిపే టాంపాన్‌కు పేటెంటు పొందాడు. తరవాత జర్మనీలో యూడిట్ ఎస్సర్ అనే వైద్యురాలు గొట్టం లేకుండా వేలితోనే పెట్టుకోగలిగే చిన్న టాంపాన్‌ను రూపొందించింది. ఏది ఎంచుకున్నా మొదటిసారికి కొన్ని మెలకువలు ఒకటే. అన్నిటికన్నా తక్కువ పీల్చుకునే చిన్నది తీసుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రక్తస్రావం బాగా ఉన్న రోజున ప్రయత్నించాలి, తడి ఉంటే సులువుగా జారుతుంది, పొడిగా ఉంటే ఒరుసుకుంటుంది. గొంతుక్కూర్చోవచ్చు, లేదా ఒక కాలు పీట మీద పెట్టి నిలబడవచ్చు. గొంతుక్కూర్చోవడం మన ఇళ్లలో అలవాటున్న భంగిమే, అది ఇక్కడ సాయపడుతుంది. నిటారుగా పైకి కాక, నడుము వెనకభాగం వైపు ఏటవాలుగా జరపాలి, ఎందుకంటే యోని ఆ దిశలోనే వాలి ఉంటుంది. సగంలో ఆగితే గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఇంకాస్త లోపలికి చేరితే ఉన్నట్టే తెలియదు, లోపలి భాగంలో స్పర్శ తక్కువ కాబట్టి. దారం బయట ఉండాలి. నొప్పి పెడితే ఆపేయాలి. ఇంకో గంటకో, ఇంకో రోజుకో, ఇంకో నెలకో మళ్లీ చూడవచ్చు. ఎన్నిసార్లు ప్రయత్నించినా తీవ్రమైన నొప్పి ఉంటే, పొర నిర్మాణంలో తేడా ఉండవచ్చు, లేదా కండరాలు తమంతట తామే బిగుసుకునే స్థితి ఉండవచ్చు. రెండింటికీ వైద్యం ఉంది. అది ఆ అమ్మాయి తప్పు కాదు.

ఇక్కడ ఒక విషయం నిదానంగా ఆలోచించాలి. యోని చుట్టూ ఉన్న కటి కండరాలు భయపడినప్పుడు బిగుసుకుంటాయి. పళ్లు బిగించి, ఎలాగైనా ఇప్పుడే చేసి తీరాలని పట్టుబడితే అవి ఇంకా బిగుస్తాయి. నెమ్మదిగా ఊపిరి వదిలితే వదులవుతాయి. మనసు ఆజ్ఞాపిస్తే ఒళ్లు పాటిస్తుందని మనం చాలాకాలంగా అనుకుంటూ వచ్చాం. సంకల్పబలాన్ని పొగిడే బోధలు మన సంస్కృతిలో ఎన్నో ఉన్నాయి. అవి అబద్ధమని కాదు. కానీ ఇక్కడ సంకల్పం పట్టుదలగా మారినకొద్దీ పని చెడుతుంది. ఒళ్లు ఆజ్ఞను వినదు, భద్రతను గుర్తిస్తుంది. తనకు ఏం జరుగుతోందో తెలిసినప్పుడు, ఆపేసే హక్కు తనకుందని నమ్మినప్పుడు, తొందరపెట్టేవారు లేనప్పుడు అది వదులవుతుంది. అంటే జ్ఞానం, స్వేచ్ఛ, సమయం అనే మూడూ కలిస్తేనే ఆ చిన్న సౌఖ్యం సాధ్యమవుతుంది. మంచి జీవితానికి కావలసినవి కూడా దాదాపు ఇవేనని మనం ఇతర సందర్భాల్లో ఒప్పుకుంటాం. భయపెట్టి నేర్పినది చదువు కాదని బడి గురించి అంటాం, బలవంతంగా తెచ్చుకున్నది ప్రేమ కాదని కాపురం గురించి అంటాం. అమ్మాయి తన ఒంటితో తాను నెరిపే సంబంధానికి కూడా అదే న్యాయం వర్తించాలి.

అయితే బుద్ధి ఒకవైపే పనిచేయకూడదు. అమ్మ చెప్పిన భయాన్ని పరీక్షించినట్టే, కంపెనీ ఇచ్చిన భరోసానూ పరీక్షించాలి. 1980లో అమెరికాలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రమాదకర జబ్బు నెలసరిలో ఉన్న స్త్రీలలో ఎక్కువగా కనిపించింది. కొందరు చనిపోయారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వదిలే విషం దీనికి కారణమని, అతిగా పీల్చుకునే టాంపాన్లతో దీనికి సంబంధం ఉందని పరిశోధనలో తేలింది. రిలై అనే పేరుతో అమ్మిన రకాన్ని ఆ సెప్టెంబరులోనే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ పీల్చుకుంటే ఎక్కువ మేలు అన్న వ్యాపారపు తర్కం అలా తప్పని తేలింది. ఈ జబ్బు ఇప్పుడు చాలా అరుదు, అయినా నియమాలు అక్కడి నుంచే వచ్చాయి. నాలుగు నుంచి ఎనిమిది గంటల లోపు మార్చాలి, ఎనిమిది దాటనివ్వకూడదు. అవసరానికి మించి పీల్చుకునేది వాడకూడదు. ఒకటి తీయకుండా ఇంకొకటి పెట్టకూడదు. నెలసరి లేని రోజుల్లో వాడకూడదు. ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, వాంతులు, ఎండకు కమిలినట్టు ఎర్రని దద్దురు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి, టాంపాన్ వాడుతున్నానని డాక్టరుకు చెప్పాలి. అమ్మాయిని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. నిజాన్ని దాచి ఇచ్చే ధైర్యం, నిజాన్ని దాచి పెట్టే భయం, రెండూ ఆమెను చిన్నపిల్లగా చూడటమే.

మరి టాంపాన్ వాడటమే స్వేచ్ఛా? ఈ ప్రశ్నకు అవునని చెప్పడానికి నాకు మనసొప్పదు. ప్యాడుతో హాయిగా ఉన్న అమ్మాయి వెనకబడినది కాదు. గుడ్డను ఉతికి ఎండలో ధైర్యంగా ఆరేసే స్త్రీ, టాంపాన్‌ను దొంగచాటుగా కొనే స్త్రీ కన్నా స్వేచ్ఛగా ఉందేమో కూడా ఆలోచించాలి. కొందరికి లోపల పెట్టుకునే నెలసరి కప్పు నచ్చుతుంది. కొందరికి లోపల ఏదీ పెట్టుకోవడం ఇష్టముండదు, ఆ ఇష్టానికి వారు ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. స్వేచ్ఛ వస్తువులో లేదు, తెలిసి ఎంచుకోవడంలో ఉంది. తెలిసి వద్దనుకోవడం కూడా ఎంపికే. తెలియక దూరంగా ఉండటం మాత్రం ఎంపిక కాదు. అయితే ఎంపికకు డబ్బు కూడా కావాలన్న సంగతి మరవకూడదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ల మీద 12 శాతం పన్ను ఉండేది. స్త్రీలు దేశమంతటా ప్రశ్నించాక 2018 జులైలో దాన్ని ఎత్తేశారు. పన్ను పోయినా ధర పోలేదు. నీళ్లు, తలుపు గడియ, చెత్త వేసే చోటు లేని ఇంట్లో ఉన్న అమ్మాయికి మనం ఎంపిక గురించి ఉపన్యాసం ఇస్తే సరిపోదు. ఆ సౌకర్యాలు కూడా న్యాయం కిందికే వస్తాయి.

ఇక చివరి అభ్యంతరం. ఇవన్నీ ఇంత బాహాటంగా మాట్లాడాలా, మరుగు అనేది మనిషికి అవసరం కాదా అని నాన్నమ్మ అడగవచ్చు. ఆ ప్రశ్నలో నిజముంది. ప్రతిదీ నలుగురిలో చెప్పుకోనక్కర్లేదు. తన నెలసరి గురించి ఎవరితో చెప్పాలి, ఎవరితో చెప్పకూడదు అన్నది ఆ అమ్మాయి ఇష్టం. కానీ గోప్యత వేరు, అజ్ఞానం వేరు. గోప్యత అంటే నాకు తెలిసినదాన్ని నా దగ్గర ఉంచుకోవడం. నాకే తెలియకుండా చేయడం గోప్యత కాదు. మరుగును కాపాడుతూనే జ్ఞానాన్ని పంచవచ్చని మన స్త్రీలు చేసి చూపించారు. హైదరాబాదులో కొందరు స్త్రీలు పూనుకుని 1991లో తెలుగులో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం స్త్రీల ఒంటి గురించి, జబ్బుల గురించి, వాళ్లు డాక్టరును అడగలేక మింగేసిన ప్రశ్నల గురించి వివరంగా మాట్లాడింది. అందులో అశ్లీలం ఏదీ లేదు, గౌరవం ఉంది. మన భాషలో ఈ విషయాలు మర్యాదగా చెప్పడం కుదరదన్న మాట నిలవదని ఆ పుస్తకం ఉనికే చెబుతోంది.

ఆ బర్మామైన్స్ ఇంట్లో మనవరాలు అడిగినప్పుడు అమ్మ ఏం చెప్పగలదు? టాంపాన్ తాను ఎన్నడూ వాడి ఉండకపోవచ్చు. అయినా, “నాకూ తెలీదే తల్లీ, ఇద్దరం కలిసి తెలుసుకుందాం” అనగలదు. ఆ ఒక్క మాటతో ఆమె కూతురికి రెండు విషయాలు నేర్పుతుంది. తెలియదని ఒప్పుకోవడం తక్కువతనం కాదన్నది ఒకటి, ఈ ప్రశ్న అడగదగినదే అన్నది రెండు. నాన్నమ్మ తన కాలంలో పడిన ఇబ్బంది చెప్తే, అది కూడా ఆ ఇంటి జ్ఞానమే అవుతుంది. నాన్న చేయవలసినదీ ఉంది. మందుల షాపులో నల్ల కవరు అక్కర్లేదని చెప్పగలగడం, బాత్రూములో మూత ఉన్న చెత్తడబ్బా పెట్టడం, కూతురు ఆ రోజుల్లో ఈతకు వెళ్తానంటే మామూలుగా ఒప్పుకోవడం అతని చేతిలోని పనులే. మనస్సాక్షి పెద్ద సందర్భాల్లో కన్నా ఇటువంటి చిన్న పనుల్లోనే ఎక్కువగా పరీక్షకు నిలబడుతుంది.

ఇంతవరకూ పరీక్షించి చూసినదాన్ని బట్టి నాకు తేలినది ఇది. ఒంటి గురించిన సరైన జ్ఞానం ఆడపిల్ల హక్కు. దాన్ని ఆచారం పేరుతోగానీ, సిగ్గు పేరుతోగానీ, వ్యాపారం పేరుతోగానీ ఆమెకు అందకుండా చేయడం తప్పు. ఆ జ్ఞానం అందాక ఆమె టాంపాన్ వాడుతుందా, ప్యాడు వాడుతుందా, గుడ్డ వాడుతుందా, గుడికి వెళ్తుందా, వెళ్లదా అన్నవి ఆమె బుద్ధీ మనస్సాక్షీ కలిసి తేల్చుకోవలసినవి. కాబట్టి ఇది చదువుతున్న మీకు ఒక మనవి. మీ ఇంట్లో ఎదుగుతున్న ఆడపిల్ల ఉంటే, ఆమెకు తొలి నెలసరి రాకముందే ఆమె ఒంటి గురించి నిజాలు చెప్పండి. ఆమె అడిగే ప్రతి ప్రశ్నకూ కూర్చుని జవాబివ్వండి, తెలియకపోతే డాక్టరును అడిగి తెలుసుకుని చెప్పండి. నిర్ణయం మాత్రం ఆమెకే వదిలిపెట్టండి.